ల్యాప్‌టాప్ పుట్టింటికి తీసుకెళ్ళాలా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు. ఈసారి ప్రసూతి సెలవు మీద వచ్చిన మూడు ఉత్తరాలు తీసుకున్నాం.

ప్రశ్న: అక్కా నమస్తే. మేం కూకట్‌పల్లిలో ఉంటాం, నేను బాలానగర్‌లో ఒక మందుల డిస్ట్రిబ్యూషన్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, నాలుగేళ్ళైంది, మొత్తం 35 మంది స్టాఫ్, నా జీతం 34 వేలు. మొదటి కాన్పు, డ్యూ డేట్ ఫిబ్రవరి 20 ఇచ్చారు, ఇప్పుడు ఏడో నెల దాటుతోంది, పుట్టిల్లు తెనాలి కాబట్టి పురుడు అక్కడే. సెలవు అడిగితే మా సార్ కాదనలేదు కానీ "సరిగ్గా మార్చి క్లోజింగ్‌కే వెళ్తున్నావు, ల్యాప్‌టాప్ తీసుకెళ్ళమ్మా, ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా, రోజుకి రెండు గంటలు చూస్తే చాలు" అన్నారు. నా పక్కన జూనియర్ అబ్బాయి ఒకడున్నాడు, తెలివైనవాడే, కానీ ఒక్కడే పన్ను రిటర్న్స్ ఎప్పుడూ వెయ్యలేదు. ఒప్పుకోకపోతే తిరిగొచ్చేసరికి నా సీటు ఉండదేమోనని భయం, ఒప్పుకుంటే ఇంట్లో అమ్మ ఊరుకోదు. సెలవు ఎప్పట్నుంచి పెట్టాలి, పని ఎలా అప్పజెప్పాలి?
- పేరు వద్దన్నారు, హైదరాబాద్

జవాబు: ముందు ల్యాప్‌టాప్ సంగతి తేల్చేద్దాం. తీసుకెళ్ళొద్దమ్మా. మీ సార్ చెడ్డాయన అని కాదు, నువ్వు రాసిన దాన్ని బట్టి మర్యాదగానే అడిగారు, కానీ ఆయన అడుగుతున్నది చట్టం ఒప్పుకోని పని. డెలివరీ అయిన రోజు నుంచి ఆరు వారాలు ఆ తల్లి చేత పని చేయించకూడదు, ఆమె కూడా చెయ్యకూడదు, ఇది చట్టంలో సూటిగా ఉంది. ఫిబ్రవరి 20న కాన్పైతే ఆరు వారాలు ఏప్రిల్ 3కి అవుతాయి, అంటే ఆయన చెప్తున్న మార్చి క్లోజింగ్, ఏడాది లెక్కలు ముగించే పని, మొత్తం ఆ ఆరు వారాల్లోనే పడిపోయింది. ఇంకో ముఖ్యమైన సంగతి, సెలవు మంజూరయ్యాక ఆ రోజుల్లో పని చేస్తే, పని చేసిన కాలానికి ప్రసూతి జీతం అడిగే హక్కు పోతుంది. ఇవాళ అందరూ మంచిగా ఉన్నారు కాబట్టి ఎవరూ మాట్లాడరు, రేపు ఏదైనా గొడవొస్తే "ఆవిడ పని చేస్తూనే ఉంది కదా" అనడానికి నువ్వు పంపిన మెయిల్సే సాక్ష్యం అవుతాయి. కాబట్టి రోజుకి రెండు గంటలే కదా అనుకోవద్దు.

చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇది కూడా చెప్పేస్తా. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. కంగారు పడక్కర్లేదు, మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల సెలవు, అందులో డెలివరీకి ముందు ఎక్కువలో ఎక్కువ 8 వారాలు, డ్యూ డేట్‌కి ముందు 12 నెలల్లో 80 రోజులు పని చేసుండాలి అనే షరతు, అన్నీ అలాగే ఉన్నాయి. పదిమంది, అంతకంటే ఎక్కువ స్టాఫ్ ఉన్న చోట వర్తిస్తుంది కాబట్టి మీ కంపెనీ అందులోకి వస్తుంది. నీ జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) లేదు, 26 వారాల డబ్బు కంపెనీయే ఇవ్వాలి.

సెలవు ఎప్పట్నుంచి అన్నావు. డ్యూ డేట్ నుంచి 8 వారాలు వెనక్కి లెక్కేస్తే డిసెంబర్ 26, అంతకంటే ముందు మొదలుపెట్టడానికి లేదు. అప్పుడే వెళ్ళిపోతే 26 వారాలూ జూన్ 25తో అయిపోతాయి, పాపకో బాబుకో నాలుగు నెలలు నిండగానే నువ్వు బాలానగర్‌లో ఉండాలి. అలా అని చాలామంది పిల్లలు చేసినట్టు నొప్పులొచ్చే దాకా ఆఫీసులో కూర్చుని మొత్తం సెలవు తర్వాతకి దాచుకోవడం నాకు ఇష్టం లేదు, పైగా నీకు తెనాలి ప్రయాణం ఉంది, 38వ వారంలో అంత దూరం రైలెక్కడం ఎందుకు చెప్పు. నన్నడిగితే జనవరి 22 నుంచి పెట్టుకో. అప్పటికి నీకు 36 వారాలు నిండుతూ ఉంటాయి, జనవరి రిటర్న్స్ పని 20తో అయిపోతుంది, సంక్రాంతి రద్దీ కూడా తగ్గుతుంది. సెలవు జూలై 22 దాకా వస్తుంది, 23న జాయిన్ అవ్వాలి, బిడ్డకి అయిదు నెలలు నిండి ఉంటాయి, ఎలాగూ అయిదో నెలలో అత్తారింటికి పంపే ఆనవాయితీ మీ ఇంట్లో ఉంటే అదీ కలిసొస్తుంది. ఆరు నెలల దాకా తల్లిపాలే పట్టమని డాక్టర్లు చెప్తారు, కాబట్టి నీ ఖాతాలో ఎర్న్‌డ్ లీవులు ఏమైనా ఉంటే ఇప్పుడు వాడేసుకోకుండా దాచుకుని ఆ చివర్లో కలుపుకో. ఐతే ఈ తేదీ మీ డాక్టర్ గారికి చెప్పు, బీపీ, షుగర్ లాంటివి ఏవైనా ఉంటే ఆవిడ చెప్పిందే తేదీ, నాది కాదు.

26 వారాలంటే ఆదివారాలు, పండగలు అన్నీ కలిపే 182 రోజులు, ఇది గుర్తుపెట్టుకో. జీతం లెక్కలో కూడా ఆదివారాలు తీసెయ్యడానికి లేదు, 1977లోనే సుప్రీం కోర్టు కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక తోట కార్మికురాలి కేసులో ఆ మాట తేల్చేసింది. ఇంకా డెలివరీకి ముందు కాలానికి రావాల్సిన డబ్బు ముందే ఇవ్వాలి, మిగతాది డెలివరీ అయినట్టు కాగితం ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలి అని ఉంది, చాలా కంపెనీలు నెలనెలా జీతంలాగే వేస్తాయి, అది నీకు బావుంటే ఒప్పుకో. కంపెనీ ఉచితంగా వైద్యం చూపించకపోతే 3,500 రూపాయల మెడికల్ బోనస్ కూడా ఉంది, చిన్న మొత్తమే కానీ చాలామందికి తెలియక అడగరు.

ఇవన్నీ నోటిమాటగా వదిలెయ్యొద్దు. ఈ వారమే మెయిల్ పెట్టు, సారుకీ, హెచ్ఆర్ చూసేవాళ్ళకీ ఇద్దరికీ. పెద్ద ఉత్తరం అక్కర్లేదు, "నా డ్యూ డేట్ ఫిబ్రవరి 20, డాక్టర్ సర్టిఫికెట్ జత చేశాను, జనవరి 22 నుంచి 26 వారాలు ప్రసూతి సెలవు తీసుకుంటున్నాను, ఈ కాలంలో ఎక్కడా పని చెయ్యను, డబ్బు నా ఖాతాలో వెయ్యండి, నాకు వీలుకాకపోతే నామినీగా ఫలానా వారికి ఇవ్వండి, జూలై 23న డ్యూటీలో చేరతాను" అంతే. ఎక్కడా పని చెయ్యను అనే ఆ ముక్క చట్టమే రాయమంటుంది, అది రాశాక ల్యాప్‌టాప్ చర్చ దానంతట అదే ఆగిపోతుంది, నువ్వు ఎదురు చెప్పినట్టు కూడా ఉండదు. మంజూరు చేసినట్టు జవాబు వచ్చేదాకా మర్యాదగా గుర్తు చేస్తూనే ఉండు, వచ్చిన జవాబు నీ సొంత మెయిల్‌కి పంపించుకో, ఆఫీసు మెయిల్ సెలవులో పనిచెయ్యకపోవచ్చు.

ఇప్పుడు పని అప్పజెప్పడం. సారుకి అసలు భయం నువ్వు వెళ్ళడం గురించి కాదు, మార్చిలో ఎవరికీ ఏమీ తెలియకుండా పోతుందేమోనని. ఆ భయం తీర్చగలిగేది నువ్వే, ఇంకా టైముంది. నెలలో నీకు నాలుగు తేదీలు పెద్దవి కదా, 7న టీడీఎస్ (చెల్లింపుల్లో కోసిన పన్ను) కట్టడం, 11న జీఎస్టీఆర్ 1 (అమ్మకాల రిటర్న్), 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న 3బీ (జీఎస్టీ కట్టే నెలవారీ రిటర్న్). డిసెంబర్లో ఈ నాలుగూ నువ్వు చేస్తుంటే ఆ అబ్బాయి పక్కన కూర్చుని తన చేత్తో నోట్స్ రాసుకోవాలి, నువ్వు రాసి ఇవ్వొద్దు, తను రాసుకుంటేనే ఎక్కడ అర్థం కాలేదో బయటపడుతుంది. జనవరిలో తను చెయ్యాలి, నువ్వు పక్కన కూర్చోవాలి, మౌస్ ముట్టుకోకూడదు. ఇది కష్టంగా ఉంటుంది, నువ్వు పది నిమిషాల్లో చేసేది వాడు గంట చేస్తుంటే చెయ్యి లాగేస్తుంది, ఐనా ముట్టుకోకు. జనవరి 31కి మూడో క్వార్టర్ టీడీఎస్ రిటర్న్ కూడా ఉంది, దాని డేటా నువ్వు వెళ్ళేలోపే సిద్ధం చేయించు.

రిటర్న్స్ వెయ్యడం ఎవరికైనా సీఏ గారి ఆఫీసు వాళ్ళు నేర్పిస్తారు. నీ తలలో మాత్రమే ఉన్న విషయాలు వేరే ఉంటాయి, అవి రాయడమే అసలు హ్యాండోవర్. మందుల వ్యాపారంలో ఎక్స్‌పైరీ రిటర్న్స్, అంటే గడువు తీరి వెనక్కొచ్చే సరుకు, సంగతి నీకు తెలిసిందే, ఏ మెడికల్ షాపు వాళ్ళు బ్యాచ్ నంబర్ లేకుండా సరుకు వెనక్కి పంపిస్తారు, ఎవరికి ఫోన్ చేసి బ్యాచ్ కనుక్కున్నాకే క్రెడిట్ నోట్ కొట్టాలి, ఏ పార్టీ చెక్కు ఇచ్చి సోమవారం దాకా వెయ్యొద్దంటాడు, ఏ సప్లయర్ బిల్లు పేరు టాలీలో ఒకలా జీఎస్టీ పోర్టల్లో ఒకలా ఉంటుంది, ఇలాంటివి ఏ సాఫ్ట్‌వేర్లోనూ ఉండవు. ఒక ఎక్సెల్ షీట్ తెరిచి పెట్టుకుని రోజూ పని చేస్తూ ఇలాంటిది తగిలినప్పుడల్లా ఒక లైను రాసేయ్, చివర్లో కూర్చుని ఒకేసారి రాద్దాం అనుకుంటే సగం గుర్తురావు. బ్యాంకు రీకన్సిలియేషన్ (బ్యాంకు స్టేట్‌మెంటుతో మన లెక్క సరిచూడటం) డిసెంబర్ దాకా పూర్తి చేసి ఇచ్చేస్తే, పెద్ద పార్టీలకి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ల డ్రాఫ్టు కూడా పెట్టేస్తే మార్చిలో వాళ్ళకి మిగిలేది మూడు నెలల లెక్కే. ఫిబ్రవరి నుంచి మే దాకా ఒక టెంపరరీ అకౌంటెంట్‌ని పెట్టుకుంటే బావుంటుందని మెయిల్లో ఒక లైను రాయి, పెట్టడం పెట్టకపోవడం సార్ ఇష్టం, ఆ దిగులు నీది కాదు.

ఇంకోటి, నేను అందరికీ నొక్కి చెప్పేది ఇదే. ఓటీపీలు. చిన్న కంపెనీల్లో జీఎస్టీ పోర్టల్‌కీ, టీడీఎస్‌కీ, పీఎఫ్‌కీ అకౌంటెంట్ ఫోన్ నంబరే ఇచ్చేసి ఉంటారు. అది మార్చకుండా వెళ్తే నువ్వు ఆపరేషన్ థియేటర్ బయట ఉన్నా "మేడమ్ ఒక్క ఓటీపీ" అని ఫోన్ వస్తుంది, వాళ్ళ తప్పు కూడా కాదు, ఇరవయ్యో తారీఖు దాటితే లేట్ ఫీజు పడుతుంది మరి. జీఎస్టీలో మొబైల్ నంబర్, మెయిల్ మార్చడం నాన్ కోర్ సవరణ కిందకి వస్తుంది, ఆఫీసర్ ఆమోదం కోసం ఆగక్కర్లేదు. డిసెంబర్లోనే కూర్చుని ఒక్కో పోర్టల్ సారు నంబరుకి మార్పించెయ్, బ్యాంకులో నువ్వు మేకర్‌గా (చెల్లింపులు ఎక్కించే మనిషిగా) ఉంటే ఆ యూజర్ కూడా మార్పించు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ నీ డ్రాయర్లో ఉంటే చేతికిచ్చి ఇచ్చినట్టు మెయిల్ పెట్టు. ల్యాప్‌టాప్ కూడా అంతే. ఈ లెక్కంతా జనవరి 22కి కాదు, జనవరి మొదటి వారానికే అయిపోవాలి అనుకుని చెయ్యి, డాక్టర్ ఉన్నట్టుండి రెస్ట్ తీసుకోమంటే మర్నాటి నుంచే రాలేవు కదా. కాళ్ళు, మొహం వాచి, తలనొప్పి తగ్గకుండా, కళ్ళు మసకగా ఉంటే సాయంత్రం దాకా ఆఫీసులో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళు, అది బీపీ లక్షణం కావచ్చు, క్లోజింగులు ఏటా వస్తాయి.

సీటు గురించి. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని ఆ కారణంతో తీసెయ్యడం, జీతం, హోదా తగ్గించడం చట్టవిరుద్ధం. అలా జరిగితే 60 రోజుల్లోపు కార్మిక శాఖలో అప్పీలు చెయ్యొచ్చు. అంతదాకా రాకూడదనే కోరుకుందాం, కానీ నీ తరఫు కాగితాలు నీ దగ్గర ఉండాలి, అపాయింట్‌మెంట్ లెటర్, పోయిన మూడు నెలల పే స్లిప్పులు, అప్రైజల్ మెయిల్. తిరిగొచ్చాక బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు నీకు హక్కు, ఆఫీసు నుంచి కూకట్‌పల్లి దగ్గరే కాబట్టి అవి ఎలా వాడుకోవాలో జాయిన్ అయ్యే ముందు సారుతో మాట్లాడుకో. క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) 50 మంది ఉన్న చోటే తప్పనిసరి, మీకు రాదు. సెలవు అయిపోయాక కొన్నాళ్ళు ఇంటి నుంచి పని చేస్తానని అడగొచ్చు, ఇద్దరూ ఒప్పుకుంటే చట్టం కాదనదు, సారుకి ల్యాప్‌టాప్ అంత ఇష్టమైతే అప్పుడు ఇమ్మను.

తెనాలి ఆసుపత్రిలో ఇప్పుడే పేరు నమోదు చేయించుకుని, సంక్రాంతికి ముందే వీలైతే ఒకసారి చూపించుకో. స్కాన్లన్నీ, బ్లడ్ గ్రూప్ రిపోర్టు ఒకే ఫైల్లో పెట్టి ఫొటోలు మీ ఆయన ఫోన్లో కూడా ఉంచు. అమ్మకి చెప్పు, ల్యాప్‌టాప్ రావట్లేదని.

ప్రశ్న: అక్కా, నేను విజయవాడలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో ఏజెన్సీ ద్వారా స్టాఫ్ నర్సుగా చేస్తున్నా, ఐసీయూ డ్యూటీ, జీతం 18,500, ఈఎస్ఐ కట్ అవుతుంది. ఆరో నెల. కాంట్రాక్టు మార్చి 31తో అయిపోతుంది, డెలివరీ మార్చి మొదటి వారంలో. కాంట్రాక్టు అయిపోతే లీవు కూడా అయిపోయినట్టే అంటున్నారు ఇక్కడ. నైట్లు కూడా వేస్తున్నారు, నిలబడలేకపోతున్నా.
- ఒక నర్సు, విజయవాడ

జవాబు: కాంట్రాక్టు తేదీతో ప్రసూతి ప్రయోజనం ఆగిపోదు. ఢిల్లీలో కాంట్రాక్టు మీద పనిచేసిన ఒక డాక్టర్ కేసులో 2023 ఆగస్టులో సుప్రీం కోర్టు ఇదే చెప్పింది, అర్హత వచ్చాక కాంట్రాక్టు ముగిసినా ఆ ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందే అని. ఇది మీ హెచ్ఆర్ వాళ్ళకి తెలియకపోతే గొడవ పెట్టుకోకుండా నెమ్మదిగా చెప్పు.

నీ విషయంలో డబ్బు ఇచ్చేది ఆసుపత్రీ కాదు, ఏజెన్సీ కాదు, ఈఎస్ఐ కార్పొరేషనే, నేరుగా నీ బ్యాంకు ఖాతాలో వేస్తుంది, అదీ 26 వారాలే. దానికి అంతకు ముందు రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో కలిపి కనీసం 70 రోజుల చందా పడి ఉండాలి, పీరియడ్ అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి ఇంకోటి. నువ్వు చెయ్యాల్సిన మొదటి పని ఇవాళే నీ ఇన్సూరెన్స్ నంబర్‌తో ఈఎస్ఐ సైట్లో లాగిన్ అయి నెలనెలా చందా నిజంగా పడుతోందా చూసుకోవడం. జీతంలో కోసి అక్కడ కట్టని ఏజెన్సీలు ఉంటాయి, అది డెలివరీ అయ్యాక తెలిస్తే పచ్చి బాలింతవి ఆఫీసుల చుట్టూ తిరగాలి. కట్టకపోతే స్క్రీన్‌షాట్లు, పే స్లిప్పులు పట్టుకుని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకి ఇప్పుడే వెళ్ళు. ఖాతా నంబరు, ఆధార్, పేరు అన్నిట్లో ఒకేలా ఉన్నాయా అదీ చూసుకో, పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన వాళ్ళకి ఇక్కడే ఆగిపోతుంది.

నిలబడే డ్యూటీ గురించి, డ్యూ డేట్‌కి ముందు ఆరు వారాలు, దానికి ముందు ఇంకో నెల, ఈ కాలంలో నువ్వు అడిగితే బరువు పని, ఎక్కువసేపు నిలబడే పని చేయించకూడదు. అడిగితే అనే మాట ఉంది కాబట్టి అడగాలి, రాతలో అడగాలి, డాక్టర్ చీటీ జత చేసి ఓపీ రిజిస్ట్రేషన్‌కో, కేస్ షీట్ల పనికో మార్చమని నర్సింగ్ సూపరింటెండెంట్‌కి ఇవ్వు. అప్పటిదాకా కూడా పోర్టబుల్ ఎక్స్‌రే వస్తే నువ్వు ఆ బెడ్ దగ్గర ఉండకు, పేషెంట్‌ని తిప్పడానికి ఒక్కదానివే వంగకు, పక్క సిస్టర్‌ని పిలువు, మొహమాటపడకు. డెలివరీ మార్చిలో కాబట్టి జనవరి నుంచే తేలికైన డ్యూటీ అడగడంలో తప్పేం లేదు.

ప్రశ్న: మేడమ్, నా భార్య బ్యాంకులో పనిచేస్తుంది, వచ్చే నెల లీవు మొదలు. నాది ప్రైవేట్ లాజిస్టిక్స్ కంపెనీ, వరంగల్. నాకు ఎన్ని రోజులు సెలవు వస్తుంది, ఎప్పుడు పెట్టుకోవాలి?
- కాబోయే తండ్రి

జవాబు: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది కానీ ప్రైవేట్ వాళ్ళకి ఇంత ఇవ్వాలి అనే చట్టం లేదండి, మీ కంపెనీ పాలసీ ఏముందో హెచ్ఆర్‌ని అడగండి, లేకపోతే మీ సొంత లీవులే. ఉన్న లీవులన్నీ కాన్పు రోజుల్లోనే ఖర్చు పెట్టెయ్యకండి. ఆ వారం అమ్మలు, పిన్నులు, అత్తలు ఇంటినిండా ఉంటారు, మీకు పెద్దగా పని దొరకదు. ఆసుపత్రి రోజులకీ, ఆ తర్వాత కొన్ని రాత్రులకీ మీరు ఉండండి, కనీసం ఒక వారం మాత్రం ఆవిడ తిరిగి బ్యాంకులో జాయిన్ అయ్యే వారానికి దాచండి, ఆవిడ పొద్దున్నే బయటికి వెళ్ళి బిడ్డ సీసా పాలు పట్టనప్పుడు ఇంట్లో ఉండాల్సింది మీరే.

ఈలోపు ఆఫీసు కాగితాల పని మీరు మీద వేసుకోండి. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు అవ్వాలి, ఆసుపత్రి వాళ్ళు పంపిస్తారు కానీ వాళ్ళు రాసిన మీ ఇద్దరి పేర్ల స్పెల్లింగ్ ఆధార్‌తో సరిపోయిందో లేదో డిశ్చార్జికి ముందే చదవండి. కాన్పు పుట్టింటి ఊళ్ళో ఐతే సర్టిఫికెట్ ఆ ఊరి మున్సిపాలిటీ నుంచే వస్తుంది, అక్కడున్నప్పుడే తీసుకోండి. పేరు పెట్టకపోయినా నమోదు ఆపక్కర్లేదు, ఏడాదిలోపు ఉచితంగా చేర్పించొచ్చు. ఆవిడ ఆఫీసు ఇన్సూరెన్సులో బిడ్డని ఎక్కించడానికి గడువు ఎన్ని రోజులో ఇప్పుడే కనుక్కుని ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి.